చేబదులు

పొద్దున్నే ట్యాంకు మూత తీసి
ఇత్తడి గజంబద్ద లోపలికి దించుత.
తడి ఎక్కడిదాక ఎక్కిందో గోటితో గీసి
చదువుత: ముప్పై ఎనిమిది.
పరకాల తొవ్వల మా బంకుకు
ఇదే తొలి దండం.

ఇయ్యాల ఆఫీసు గదిల టీవీ చెప్తాంది:
ఎక్కడ్నో సముద్రం
ఒక తుఫానును ఒడ్డుకు విసిరిందట,
చమురు కాచే కొలుములన్నీ మునిగినయట,
ఇరవై చిల్లర దేశాలు
తమ తమ దాపుళ్ల తాళాలు తీసినయట.
ఆ దాపుళ్లు ఉప్పు గుహలంట, భూమి కడుపుల.
ఇన్నొద్దులు
ఉప్పుల దాచేది మామిడికాయనే అనుకున్న.
నవ్వొచ్చింది.
మళ్ల ఆ యేటి చలివాగు గుర్తొచ్చి
నవ్వు ఆగింది.

మూడు రాత్రులు కురిసి
నాలుగో తెల్లారి వాగు రోడ్డెక్కింది.
కరెంటు స్తంభాలు మక్కకర్రల్లెక్క పండుకున్నయ్.
ఇటు హన్మకొండ తెగింది, అటు భూపాలపల్లి తెగింది,
నడుమ మేము,
ఒక బంకు, ఒక సర్కారు దవాఖాన.
యాకూబ్ పాషా ట్యాంకరు ఆత్మకూరు కాడ ఆగింది.
"సారక్కా, బండి నిండు చూలాలు లెక్కున్నది,
కదలనిస్తలేరు" అన్నడు ఫోన్ల.
అన్నంక టవరు సచ్చిపోయింది.

గజంబద్ద దించిన.
తడి గీతకు కిందికి పోయింది.
గీత కింద ఉన్నది అమ్మకానికి గాదు,
ట్యాంకు తన కోసం ఉంచుకున్న బుక్కెడు అది.
పంపు పీలిస్తే వచ్చేది గాలి, మడ్డి.

అయినా మొగిలి వచ్చిండు,
నడుముల్లోతు నీళ్లల్ల, నెత్తి మీద క్యాను.
దవాఖాన జనరేటరు కోసం.
లోపల ఓదెమ్మ కోడలుకు నొప్పులు,
ఒక ముసలాయన ముక్కుకు ఆక్సిజన్ గొట్టం.
"గంటకు ఎంత తాగుతది?"
"ఆరు లీటర్లు."
ఉన్నదాన్ని ఆరుతోని భాగిస్తే
తెల్లారుతలేదు.

వాగవతలి బంకు కొంరారెడ్డిది.
మా సేటుకు ఆయనకు పదేండ్ల సంది మాటల్లేవు,
గ్రానైటు లారీల ఖాతా కాడ మొదలైన పంచాది.
పొద్దుగూకే యాళ్లకు
నీళ్లల్ల పసుప్పచ్చ ఏనుగొకటి కదిలింది.
జేసీబీ.
దాని తొట్టెల రెండు నీలం డ్రమ్ములు.
నడిపేటి పోరడు చీటీ ఇచ్చిండు,
పాల కవర్ల చుట్టింది:
"నాలుగు వందల లీటర్లు. చేబదులు.
వాపసు ఇచ్చేటప్పుడు నీళ్లు కల్వకుండ ఇయ్యిండ్రి."
సంతకం లేదు.
తిట్టు లెక్కనే ఉన్నది.
ఆ తిట్టుకే ఆ రాత్రి దవాఖాన వెలిగింది.

ఓదెమ్మ కోడలుకు ఆడపిల్ల.
ముసలాయన తెల్లారకముందే పోయిండు,
మిషను నడుస్తుండంగనే.
డీజిలు చేసేది డీజిలు చేస్తది, అంతే.

నెలకు కంపెనీ ఆడిటరు వచ్చిండు.
నా రాత మీద వేలు పెట్టి "ఇదేంది?" అన్నడు.
"చేబదులు సార్."
"అసొంటి ఖానా లేదు."
ఎర్ర పెన్నుతోని కొట్టేసిండు.

పక్కింట్ల సోలెడు చక్కెర తెచ్చినప్పుడు
మా అవ్వ గోడకు బొగ్గుతోని గీసేది.
తలకొట్టి తెచ్చింది
కుప్పబోసి ఇచ్చేది,
అప్పుడు గీత తుడిచేది కొంగుతోని.

గంత పెద్ద దేశాలు
ఏ ఖానల రాస్తయో మరి.
ఇచ్చిన పీపాకు కనబడకుండ తాడు కట్టి
ధర ఎక్కినంక గుంజుతయో,
లేక ఎవడో ఒకడు, సంతకం పెట్టకుండ,
తిట్టుకుంటనే నూకుతడో.
నాకు తెల్వదు.
టీవీల జెండాలు చూపెట్టిండ్రు,
చేతులు చూపెట్టలే.

సేటు, కొంరారెడ్డి ఇప్పటికీ మాట్లాడుకోరు.
పైసలు పంపితే వాపసొచ్చినయ్,
"తీసుకున్నది పైసలు గాదు" అని.
ఆయన డ్రమ్ములు రెండు
గాలి మిషను పక్కన బోర్లించే ఉన్నయ్.
తెచ్చుకున్న గిన్నె ఉత్తగ పంపొద్దంటుండె మా అవ్వ.
నింపి పంపుదామంటే ఖానా లేదు.

వానాకాలం దగ్గరికొచ్చింది.
గజంబద్ద కొసకు లేపనం రాసి మళ్లొకసారి దించిన.
ఎర్రబడలే. నీళ్లు లేవు.
తడి ముప్పై ఎనిమిది కాడ ఆగింది.
ఇటు చూసి, అటు చూసి
రిజిస్టర్ల
ముప్పై ఏడున్నర అని రాసిన.